ఎనిమిది ఫ్యాన్ల కష్టం

లంకపేట ఇండోర్ స్టేడియంలో ఎనిమిది సీలింగు ఫ్యాన్లున్నాయి. ఇరవై రెండేళ్ళుగా అవి తిరగలేదు. చెడిపోయి కాదు, షటిల్ కోచ్ బొండాడ పేర్రాజు మాస్టారు తిరగనివ్వక. షటిల్ కాక్ అంటే అయిదు గ్రాముల ఈకల పొట్లం. నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే అది కొట్టినవాడి మాట వినదు, ఫ్యాను మాటే వింటుంది. అందుకని మాస్టారు స్విచ్చిబోర్డుకి రేకుపెట్టె బిగించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. లోకంలో ఆటగాళ్ళకి ఫ్యాన్లుంటే గర్వం, ఈయనకి ఫ్యాన్లంటే గండం.

పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు కొంగులతో విసురుకుంటూ, "కాస్త గాలెయ్యండి మాస్టారూ, ఉడికిపోతన్నాం" అంటే, "గాలి కావాలంటే గోదారి గట్టుందండి. ఇక్కడ ఆటుంది" అనేవాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన చేసిన సర్వీసు ఒక్కటీ నెట్టుకి తగల్లేదు. ప్రమోషనూ తగల్లేదు. నెట్టుకి అటూ ఇటూ నలభై ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు, అంతే.

అలా ఉక్కపోతలో సుఖంగా సాగిపోతున్న బతుకులోకి ఒక సోమవారం పొద్దున సర్క్యులరొకటి వచ్చి పడింది.

"విషయము: క్రీడలు – నకళ్ళ తొలగింపు – 'కష్టే ఫలి' పథకము – అమలు – గురించి. తెలియజేయునది ఏమనగా, నెట్టు ఒకటి, బ్యాటు చెరొకటి, మనుషులు అటు కొందరు ఇటు కొందరు ఉండి ఆడు ఆటలు ఈ జిల్లాలో రెండు గలవని తనిఖీలో బయటపడినది. ఒకే ఇంటికి రెండు రేషను కార్డులు ఎట్లు ఉండరాదో, ఒకే జిల్లాకు రెండు నెట్టాటలు అట్లు ఉండరాదు. కష్టపడనిదే ఫలితము లేదు గనుక, టెన్నిసు, బ్యాడ్మింటను – ఈ రెండింటిలో కష్టమైనది అసలుగాను, సులువైనది నకలుగాను నిర్ధారించి, నకలును రద్దుపరచవలెను. రద్దయిన ఆట తాలూకు ఆవరణను పథకము రికార్డు గదిగా మార్చవలెను."

మాస్టారు మూడుసార్లు చదివాడు. మొదటిసారి నవ్వాడు. రెండోసారి సంతకం చూశాడు. మూడోసారి చదివి హాలు వంక చూశాడు. చెక్కనేల. దాని మీద పిల్లల బూట్లు అరగదీసి మెరుగుపెట్టిన మరకలు. అక్కడ బీరువాలు వస్తాయన్నమాట. నలభై మూడు మంది పిల్లలు ఎక్కడికి పోతారో సర్క్యులర్లో లేదు. అందులో మేడిశెట్టి కుందన అనే పదిహేనేళ్ళ పిల్ల ఉంది. వెల్డింగు షాపు పెంటయ్య కూతురు. ఎనిమిదేళ్ళప్పుడు బ్యాటు కంటే పొట్టిగా వచ్చింది. ఇప్పుడు మూడు నెలల్లో రాష్ట్ర పోటీలకి వెళ్ళాలి. హాలు లేకపోతే ఆ పిల్ల వెళ్ళేది వెల్డింగు షాపుకే.

నిర్ధారణ సంఘానికి అధ్యక్షులుగా జాయింట్ డైరెక్టరు వేమగిరి దక్షిణామూర్తి గారిని వేశారు. అంతకుముందు ఆయన మత్స్యశాఖలో చేశారు. అక్కడా నెట్టే ఇక్కడా నెట్టే కాబట్టి అనుభవం అక్కరకొస్తుందని పైవాళ్ళు భావించారు. ఆయన వెంట సూపరింటెండెంటు ఆండాళమ్మ ఒక ఫైలు, రెండు పెన్నులు, ఒక విసనకర్ర పట్టుకుని వచ్చింది. ఇరవై ఏడేళ్ళు ఆఫీసులో పనిచేసిన మనిషి కావడం వల్ల ఆమెకి దేనికీ ఆశ్చర్యం రాదు.

"మాస్టారూ, సంఘం మీ క్రీడను నిష్పాక్షికంగా, నిర్దాక్షిణ్యంగా పరిశీలిస్తుంది" అన్నారు దక్షిణామూర్తి గారు.

"మీ పేరులోనే ఉందండి దాక్షిణ్యం. కాస్త వాడండి" అన్నాడు మాస్టారు.

"పేరు వేరు, పేరా వేరు. పేరా ఏడు ప్రకారం కష్టాన్ని కొలవాలి." ఫారం తీశారు. దాని పేరు కష్టాంకం. చెమటకి ముప్ఫై మార్కులు, రొప్పుకి ఇరవై, మూలుగుకి ఇరవై, కిందపడుటకి ముప్ఫై. మొత్తం వంద.

మాస్టారు తన దగ్గరున్న మేలైన సరుకునే చూపించాడు. అదే ఆయన చేసిన తప్పు. కుందనని ఒక పక్క, ఇద్దరు పెద్ద పిల్లల్ని ఒక పక్క నిలబెట్టాడు. ఆ ఇద్దరూ వానలో తడిసిన కోళ్ళలా అటూ ఇటూ పరుగులు తీస్తుంటే, కుందన నాలుగడుగుల చోటులో నిలబడి, వంటింట్లో పోపు తిప్పుతున్నట్టు మణికట్టు తిప్పింది. కాక్ వెళ్ళి గీత మీద వాలింది. మళ్ళీ తిప్పింది. అవతలి గీత మీద వాలింది. చెమట లేదు, మూలుగు లేదు. అడుగుల చప్పుడు కూడా లేదు.

"గెలిచినవారినే ప్రామాణికంగా తీసుకోవాలి" అని దక్షిణామూర్తి గారు కుందన నుదురు పరిశీలించారు. పొడిగా ఉంది. "ఇందులో కష్టమెక్కడుంది మాస్టారూ? చూస్తుంటే నాకే ఆడాలనిపిస్తోంది."

"కనపడకుండా ఉందండి. అలా కనపడకుండా చెయ్యడానికే ఏడేళ్ళు పట్టిందండి."

"కనపడనిదాన్ని కొలిచే పరికరం శాఖ దగ్గర లేదు" అన్నారాయన. "ఆండాళమ్మ గారూ, పందొమ్మిది వెయ్యండి."

ఆ మధ్యాహ్నమే సంఘం ఆఫీసర్స్ క్లబ్బు వెనకున్న టెన్నిసు కోర్టుకి వెళ్ళింది. అక్కడి కోచ్ కొమ్మూరి సుందర్రావు లోకజ్ఞానం కలవాడు. తన దగ్గర బాగా ఆడే పిల్లలందర్నీ ఆ పూట సెలవిచ్చి ఇంటికి పంపేశాడు. వాళ్ళ స్థానంలో ఎన్నడూ పరుగెత్తి ఎరగని నలుగురు వకీళ్ళని, మిట్టమధ్యాహ్నం, భోజనమైన అరగంటకి కోర్టులో దింపాడు. ఆ కోర్టులో వాయిదాలుండవని వాళ్ళకి ఆలస్యంగా తెలిసింది. బంతి కొట్టినప్పుడు ఒక మూలుగు, తప్పినప్పుడు రెండు మూలుగులు చొప్పున ముందే తర్ఫీదు ఇచ్చాడు. మూడో వకీలుకి తర్ఫీదు అవసరం రాలేదు. నాలుగో వకీలు నెట్టు పట్టుకుని కిందికి జారి, "యువర్ ఆనర్" అని కళ్ళు మూశాడు.

టెన్నిసుకి డెబ్భై ఒకటి వచ్చింది.

ఈ సంగతి విని కుందన, "వాళ్ళు మూలిగింది ఆటక్కాదండి మాస్టారూ, పప్పుచారుకి" అంది. నిజమే. కానీ ఫారంలో పప్పుచారుకి గడి లేదు.

మాస్టారు పునఃపరిశీలన కోరుతూ అర్జీ పెట్టాడు. జిల్లా ఆఫీసు మీటింగు హాల్లో ఉభయ పక్షాల వాదనలూ విన్నారు. అక్కడ ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అందుకని మాస్టారికి మొదట్నుంచీ మనసు మనసులో లేదు.

"మా కోర్టు వాళ్ళ కోర్టు కంటే మూడింతలు పెద్దదండి. పైగా ఎండ" అన్నాడు సుందర్రావు. "వీళ్ళకి పైకప్పుంది, నీడపట్టున ఆట. దీన్ని కష్టం అంటే అత్తారింట్లో అల్లుడు కూడా కష్టపడుతున్నట్టేనండి."

"వాళ్ళ బంతి ఓసారి నేలమీద పడ్డాక కూడా కొట్టొచ్చండి" అన్నాడు మాస్టారు. "అంటే ఓసారికి క్షమాపణుంది. మా కాక్ పడితే పడ్డట్టే. చచ్చినోణ్ణి లేపి కొట్టే ఆట కాదండి మాది."

"మా బంతి గట్టిది. తగిలితే కన్ను పోద్దండి."

"మా కాక్ మొండిది. బ్యాటు నుంచి బాణంలా వెళ్ళుద్ది, మధ్యలో మనసు మార్చుకుని ఆగిపోద్ది. గోడకేసి కొడితే బంతి తిరిగొస్తుందండి, ఇది రాదు. మనిషే తేవాలి."

దక్షిణామూర్తి గారు చేయి ఎత్తారు. "అభిప్రాయాలు వద్దు. శాస్త్రీయంగా పోదాం." తపాలా సెక్షన్‌లోని తక్కెడ తెప్పించారు. టెన్నిసు బంతి యాభై ఎనిమిది గ్రాములు తూగింది. షటిల్ కాక్ పెడితే తక్కెడ ముల్లు కదిలినట్టే కదిలి, అయిదు దగ్గర నిద్రపోయింది.

"బరువు పదకొండు రెట్లు ఎక్కువ. కాబట్టి కష్టమూ పదకొండు రెట్లు" అని తేల్చారాయన.

మాస్టారికి ఒళ్ళు మండింది. "అలాగైతే ఇటుకతో ఆడించండి సార్. అన్నిటికంటే కష్టం."

దక్షిణామూర్తి గారు ఒక క్షణం ఆలోచించి, "ఇటుక – రెండో దశలో పరిశీలించవచ్చును. రాసుకోండి ఆండాళమ్మ గారూ" అన్నారు. ఆవిడ రాసుకుంది.

చివరికి అర్జీ మీద ఒక ఉపకారం జరిగింది. పది రోజుల తర్వాత రెండు ఆటల్నీ మళ్ళీ ఒకేరోజు చూసి, ఆఖరి నిర్ణయం చేస్తారు. దాని మీద అప్పీలుండదు.

ఇక లంకపేటలో కష్టానికి వచ్చిన గిరాకీ ఇంతా అంతా కాదు. టెన్నిసు కోర్టులో మోచేతికి కట్టు లేనివాణ్ణి లోపలికి రానివ్వడం లేదని చెప్పుకున్నారు. ఒక గుమాస్తా కుంటుతూ వచ్చి చేరి, ఆట అలవాటై కుంటడం మానేస్తే, సుందర్రావు అతని పేరు కొట్టేసి పంపేశాడట. ఇటు పేర్రాజు మాస్టారు, పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పనొకటి మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం తప్పుల క్లాసు.

"చూడమ్మా కుందనా, ఇవాళ నువ్వు కాక్‌ని నెట్టుకి కొట్టాలి."

"ఎందుకండి?"

"కష్టంగా ఉన్నట్టు కనపడాలమ్మా. మూలగాలి. వీలైతే కింద పడాలి."

"మూలగడం వచ్చండి, అమ్మ దగ్గిర నేర్చుకున్నాను" అంది కుందన. "తప్పు ఎలా కొట్టాలో మీరెప్పుడూ నేర్పలేదు గదండీ."

ప్రయత్నం చేసింది పాపం. కావాలని బ్యాటు అంచుతో కొడితే, కాక్ తడబడుతూ వెళ్ళి నెట్టు మీద నుంచి అవతలికి జారిపడింది. ఎదుటివాడు ముందుకి దూకినా అందలేదు. పాయింటు. కళ్ళు మూసుకుని కొడితే గీత మీద పడింది. ఎడమచేత్తో కొట్టమంటే ఎడమచేత్తోనే గెలిచింది. మూడోరోజుకి ఎలాగో ఒకటి నెట్టుకి కొట్టగలిగింది. మాస్టారు సంతోషించాల్సింది పోయి, "మణికట్టు! మణికట్టు వదిలేశావేం?" అని హాలు దద్దరిల్లేలా అరిచాడు. అరిచాక నాలిక్కరుచుకున్నాడు. కుందన నడుంమీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"మీరు ముందు ఏదో ఒకటి తేల్చుకోండి మాస్టారూ. బాగా ఆడమంటే ఆడతాను, బాగోకుండా ఆడమంటే అదీ బాగా ఆడతాను. రెండిటికీ తిడితే ఎలాగండి?"

ఆయన బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఏడేళ్ళు ఒక పిల్లకి కష్టాన్ని దాచడం నేర్పి, ఇప్పుడు దాచిందంతా తవ్వి బయట పెట్టమంటున్నాడు. పెళ్ళిలో బిందెలో ఉంగరం వేసి తీయించినట్టు కాదిది. తనకే సిగ్గేసింది. మర్నాటి నుంచి తప్పుల క్లాసు ఎత్తేశాడు.

పునఃపరిశీలనకి ముందురోజు ఆండాళమ్మ ఒక నోటీసు పట్టుకుని హాలుకి వచ్చింది. ఇంకోటి సుందర్రావుకి ఇచ్చే వస్తోంది. పేరా పద్నాలుగు ప్రకారం అధ్యక్షులవారు స్వయంగా రెండు ఆటలూ ఆడి కష్టం నిర్ధారిస్తారని దాని సారాంశం.

"సార్ ఎప్పుడైనా ఆడారాండీ?" అని అడిగాడు మాస్టారు.

"క్వార్టర్స్‌లో వాళ్ళావిడతో సాయంత్రాలు షటిల్ ఆడతారంటండి, గేటుకి తాడు కట్టి." ఆవిడ విసనకర్ర ఆపి, గొంతు తగ్గించింది. "మాస్టారూ, మీకో మాట చెప్తాను. ఫారంలో ఆట కష్టానికి గడి ఉందండి. అధికారి చేతకానితనానికి గడి లేదండి. సార్ ఓడిపోయారనుకోండి, ఆ ఓటమి ఎక్కడో చోట రాయాలిగా. ఎక్కడ రాస్తామంటారు?"

మాస్టారు చేతిలో నోటీసు మళ్ళీ తెరిచాడు.

"ఆట కష్టం అని రాస్తాం" అంది ఆండాళమ్మ. "ఇరవై ఏడేళ్ళుగా వంతెన కూలితే నది వేగం అని రాస్తన్నాం గదండి."

అంటే ఎవరి ఆటలో సారు ఓడితే వాళ్ళ ఆట గెలుస్తుంది. ఈ లెక్క సుందర్రావుకీ అర్థమైంది. రేపు సారుకి ఒక్క బంతి కూడా అందకుండా కొడతానని క్లబ్బులో వంటవాడి మీద ఒట్టేశాడట.

మర్నాడు పొద్దున ఏడింటికి దక్షిణామూర్తి గారు తెల్ల నిక్కరు, తెల్ల చొక్కా, ఆఫీసు బెల్టుతో టెన్నిసు కోర్టులో దిగారు. పేర్రాజు మాస్టారు కంచె అవతల నిలబడి చూశాడు. సుందర్రావు పళ్ళు బిగించి, బంతి ఎగరేసి, చెయ్యి విసిరాడు.

మనిషి ఒట్టేస్తాడు గానీ, చెయ్యి ఒట్టెయ్యదు. సుందర్రావు చెయ్యి పందొమ్మిదేళ్ళుగా పొద్దున్నే కలెక్టర్లకీ, జడ్జీలకీ, ఎస్పీలకీ బంతులు అందించిన చెయ్యి. అధికారి బ్యాటు ఎక్కడుంటే బంతి అక్కడికి వెళ్ళి, నమస్కారం పెట్టి, ఎలా కొడతారో కొట్టండని నిలబడేలా వెయ్యడం దానికి ఊపిరి తీయడమంత అలవాటు. దక్షిణామూర్తి గారు బ్యాటు ఎత్తారు. బంతి వెళ్ళి అందులో వాలింది. తిరిగొచ్చిన బంతిని సుందర్రావు అందుకోబోయి, అందరికీ కనబడేలా తప్పాడు. "భలే షాట్ సార్" అన్నాడు. అన్నాక మొహం పాలిపోయింది. రెండోది పక్కకి కొడదామనుకున్నాడు. చెయ్యి మధ్యకే కొట్టింది. మూడోదానికి సారు బ్యాటు తిప్పడం ఆలస్యమైతే, బంతే ఆగినట్టు కనపడింది. ప్రతి పాయింటుకీ ఏడుపు మొహంతో, "సూపర్ సార్", "దాన్నెవరు తియ్యగలరు సార్" అంటూనే ఉన్నాడు. ఆరు–సున్నా. టెన్నిసులో సున్నాని లవ్ అంటారు. పందొమ్మిదేళ్ళ ప్రేమ ఊరికే పోతుందా?

దక్షిణామూర్తి గారు రుమాలుతో మెడ తుడుచుకుని, "ఇంత సులువైన ఆటకి డెబ్భై ఒకటి ఎలా ఇచ్చాం? పన్నెండు వెయ్యండి" అన్నారు. సుందర్రావు నెట్టు పట్టుకుని అలాగే కిందికి జారాడు. ఈసారి నిజంగానే. కానీ అది అధికారి పడటం కాదు గనక మార్కులు రాలేదు.

పన్నెండుకి మించి ఎన్నొచ్చినా చాలు. మాస్టారికి గుండెల్లో కాస్త గాలాడింది. హాల్లో మాత్రం ఎప్పట్లాగే ఆడలేదు. పదకొండు గంటలకి దక్షిణామూర్తి గారు చెక్కనేల మీద నిలబడ్డారు. అవతల కుందన.

ఇక్కడ మాస్టారి అలవాటొకటి అడ్డొచ్చింది. కొత్తగా బ్యాటు పట్టినవాళ్ళకి మొదటి పది దెబ్బలూ వాళ్ళ బ్యాటుకే అందించాలి, ఆట మీద ఆశ పుట్టాలి అని ఆయన పెట్టుకున్న నియమం. హాల్లో ప్రతి పిల్లా దాన్ని బడిలో ప్రార్థన లాగా పాటిస్తుంది. కుందన కూడా అలాగే, సారు బ్యాటుకి పువ్వు అందించినట్టు అందించింది. సారు కొట్టారు. మళ్ళీ అందించింది. మళ్ళీ కొట్టారు. క్వార్టర్స్ గేటు దగ్గర నేర్చిన విద్య ఊరికే పోలేదు. అయిదు, ఆరు, ఏడు. మాస్టారు వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. పది దాటితే కుందన తన ఆట తను ఆడుతుంది. ఎనిమిది, తొమ్మిది.

దక్షిణామూర్తి గారు కాక్‌ని చేత్తో పట్టుకున్నారు. "చాలు. ఇది టెన్నిసు కంటే సులువు. ఆండాళమ్మ గారూ, ఫారం తియ్యండి. మాస్టారూ, ముందా ఫ్యాన్లు వేయించండి, ఉడికిపోతున్నాను."

పిల్లలందరూ మాస్టారి మొలతాడు వంక చూశారు. వాళ్ళకి తెలుసు. మంత్రి గారు వచ్చినప్పుడే వెయ్యలేదు. మాస్టారి సొంత మామగారు ఇక్కడే సొమ్మసిల్లితే గోదారి గట్టుకి మోసుకెళ్ళాడు గానీ స్విచ్చి వెయ్యలేదు.

మాస్టారు కదల్లేదు. గోదారి గట్టు మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆండాళమ్మ పెన్ను మూత తియ్యడం కనపడింది. చెక్కనేల కనపడింది. దాని మీద బీరువాలు కనపడ్డాయి. ఆయన మెల్లిగా నడిచివెళ్ళి, చొక్కా ఎత్తి, తాళం తీసి, ఎనిమిది స్విచ్చులూ వేశాడు. ఒక్కో స్విచ్చికీ ఒక్కో పన్ను పీకించుకున్నంత బాధ కనపడింది మొహంలో. ఇరవై రెండేళ్ళ దుమ్ము ముందు కురిసింది, తర్వాత గాలి.

"మార్కులేసే ముందు ఒక్క గేము ఆడండి సార్" అన్నాడు మాస్టారు. "గాలి కూడా వచ్చింది గదా. హాయిగా ఉంటది."

దక్షిణామూర్తి గారు హాయిగా బ్యాటెత్తారు. కుందన పైకి లేపి సర్వీసు చేసింది. కాక్ సారు నెత్తి మీదికి వచ్చి, రెండో ఫ్యాను కింద ఆగి, ఆలోచించి, ఎడమకి వెళ్ళిపోయింది. సారు కుడివైపు గాలిని గట్టిగా కొట్టారు. రెండోది ముక్కు దాకా వచ్చి వెనక్కి తగ్గింది. మూడోది సారు వెనకాల దిగింది. తోక చూసి కొడితే ఈక దొరకలేదు, ఈక చూసి కొడితే తోక దొరకలేదు. చివరిదానికి ఆయన తన చుట్టూ తానే తిరిగి నేలమీద కూర్చుండిపోయారు. ఇరవై ఒకటి అయ్యాయి. ఆయన బ్యాటుకి ఒక్కటీ తగల్లేదు.

ఆఖరున ఒక్క అపశ్రుతి. సారు కోపంతో కాక్‌ని చేత్తో విసిరితే, అది ఫ్యాన్ల మధ్య గిరికీలు కొడుతూ కుందన వైపు వెళ్ళింది. ఆ పిల్ల ఇరవై ఒక్క సార్లు గాలి ఎటు పోతోందో చూసింది గదా. ఒక అడుగు పక్కకి వేసి, కాక్ లేని చోట బ్యాటు పెట్టింది. కాక్ అక్కడికే వచ్చింది. టప్పుమని సారు కాళ్ళ దగ్గర గీత మీద వాలింది. మాస్టారి చేతులు చప్పట్లకి లేచి, మధ్యలో ఆగి, నమస్కారంగా మారాయి.

"ఈ అమ్మాయి ఎలా కొట్టింది?" అన్నారు దక్షిణామూర్తి గారు, నేలమీద నుంచే.

ఆ ప్రశ్నకి జవాబు వస్తే హాలు పోతుంది.

"చిన్నపిల్ల సార్" అంది ఆండాళమ్మ, ఫైల్లోంచి తలెత్తకుండా. "ఇంకా కష్టం తెలీని వయసు."

సారు తృప్తిగా తలాడించారు. "జాయింట్ డైరెక్టరు హోదా గల అధికారి ఇరవై ఒక్కమారు యత్నించినను సాధ్యపడని క్రీడ" అని స్వయంగా చెప్పి రాయించారు. తొంభై ఏడు మార్కులు. ఒక్కసారే కిందపడినందుకు మూడు తగ్గాయి.

వారం రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. బ్యాడ్మింటను అసలు క్రీడ, టెన్నిసు నకలు. టెన్నిసు రద్దు. అయితే ఆ కోర్టులో రోజూ పొద్దున్నే అధికారులు ఆడుకుంటారు గనక, దాన్ని క్రీడల జాబితాలోంచి తీసి "అధికారుల విశ్రాంతి" అనే పద్దు కింద చేర్చారు. సుందర్రావు కొలువు అలాగే ఉంది. ఇప్పుడతను నిశ్చింతగా ఓడిపోతున్నాడు. అతని పిల్లలు నలుగురు షటిల్ హాలుకి వచ్చి చేరారు.

మాస్టారు ఉత్తర్వుని కళ్ళకద్దుకుని రెండో పేజీ తిప్పాడు.

"ధ్రువీకరింపబడిన కష్టము ఏ కారణముచేతను తగ్గరాదు. కావున, నిర్ధారణ సమయమున ఉన్న పరిస్థితులనే యథాతథముగా కొనసాగించవలెను. ఎనిమిది ఫ్యాన్లును అదే వేగమున నిరంతరము తిరుగవలెను. స్విచ్చిబోర్డుకు లక్క సీలు వేయబడును. ప్రతి నెలా నివేదిక పంపవలెను. ఆట సులువైనట్లు తేలినయెడల హాలు వెంటనే స్వాధీనపరచుకొనబడును."

లక్క సీలు వెయ్యడానికి ఆండాళమ్మే వచ్చింది. "హాలు మిగిలింది మాస్టారూ" అంది ఊరట పలుకుతూ.

"మిగిలిందండి" అన్నాడు మాస్టారు, ఎగిరిపోతున్న హాజరుపట్టీ పట్టుకుంటూ.

ఆయన మొలతాడుకి తాళంచెవి వేలాడుతూనే ఉంది, అది తీసే తాళం మాత్రం లేదు. మొదటి వారం పిల్లలు ఏడ్చారు. రెండో వారం తల్లులు చాపలు తెచ్చుకుని, హాయిగా గాలికి కూర్చుని, పిల్లల్ని ఇంకో గంట ఆడించమన్నారు. మూడో వారానికి కుందన ప్రతి ఫ్యానుకీ ఒక పేరు పెట్టింది. "రెండోది అల్లరిదండి, ఎడమకి లాగుద్ది. ఏడోది మంచిది, పట్టించుకోదు" అని చిన్నపిల్లలకి పాఠం చెప్పింది. అవతలి గోడ కేసి కొడితే గాలి దాన్ని తెచ్చి గీత మీద పెట్టేలా కొట్టడం నేర్చింది. నెలాఖరు తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు మాత్రం పిల్లలందరూ మాస్టారు చెప్పకుండానే కింద పడ్డారు. ఆ విద్య ఎవరూ నేర్పక్కర్లేదని ఆయనకి అప్పుడు తెలిసింది.

ఇంతలో రాష్ట్ర పోటీలు వచ్చాయి. వేరే ఊళ్ళో పెద్ద హాలు. నేల అద్దంలా ఉంది. పైన ఒక్క ఫ్యాను లేదు. కుందన మొదటి మూడు దెబ్బలూ గీత బయట పడ్డాయి. నాలుగోదానికి ముందు ఆగి, నోట్లో వేలు తడిపి, పైకెత్తి చూసింది. మాస్టారి వైపు తిరిగింది.

"ఇక్కడ గాలే లేదేంటండి?"

"ఉండదమ్మా. ఇలాగే ఆడాలి అసలు."

ఆ తర్వాత చూడాల్సింది ఆ పిల్లని. బరువు దించుకున్న కూలీ ఖాళీ చేతులతో నడిచినట్టు ఆడింది. కాక్ చెప్పినచోటికి వెళ్ళింది, చెప్పినప్పుడు దిగింది. ఫైనల్ అరగంటలో అయిపోయింది. పతకం మెళ్ళో వేసుకుని, చెమట చుక్క లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఎంత సులువుగా ఉందో మాస్టారూ, అసలు –"

మాస్టారు గబుక్కున ఆ పిల్ల నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, అటూ ఇటూ చూశాడు. "మెల్లిగా అనమ్మా. ఎవరైనా వింటే హాలు పోద్ది."

తిరుగు బస్సులో ఆయన నెలవారీ నివేదిక తీశాడు. ఆఖరి గడిలో "విజయము సాధించిన విధము" అని ఉంది. పెన్ను తీశాడు. ఆ అరగంట ఆట కళ్ళ ముందు ఒక్కో దెబ్బా మళ్ళీ నడిచింది. దాన్ని గురించి ఉన్నదున్నట్టు ఒక్క వాక్యం రాస్తే చాలు, తన ఇరవై రెండేళ్ళ సర్వీసుకీ అంతకంటే మంచి పతకం ఇంకోటి ఉండదు. చివరికి వంగి రెండు మాటలు రాశాడు.

కుందన భుజం మీంచి తొంగిచూసి చదివింది. "'అతికష్టం మీద.' అబద్ధం గదండీ?"

"కాదమ్మా" అన్నాడు మాస్టారు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఆ ముక్క రాయడానికి నేను పడ్డది అదే."